అది పోయింది

అక్క ఆ సాయంత్రం లాండ్రీలో దుప్పట్లు మడత పెడుతోంది. యంత్రాల వేడి, సబ్బు వాసన, పక్కనున్నామె కూనిరాగం... అన్నీ మామూలుగానే ఉన్నాయి. అప్పుడు ఫోను మోగింది. చెల్లెలి మొగుడు.

"వదినా, అది పోయింది. మీరొకసారి రండి."

అంతే. పెట్టేశాడు.

ఇంకెవరైనా వింటే కుక్క పోయిందనుకుంటారు, ఆ ఇంట్లో దున్నపోతంత కుక్క ఉంది కాబట్టి. కానీ అక్క చేతిలో దుప్పటి వదిలేసి బయటికి పరిగెత్తింది. ఆ ఇంట్లో కుక్కని 'అది' అనకూడదు. 'అది' అంటే చెల్లెలే.

మరిది ప్లైవుడ్ షాపులో చెక్కలు మోసేవాడు. షాపులో అతన్ని 'ఒరే' అనేవాళ్ళు. వీధిలో అదీ లేదు, అసలు అతన్ని చూసేవాళ్ళే లేరు. ఆ కడుపుమంటతో కుక్కని తెచ్చాడు. కుండంత తల, మెడకి మేకుల పట్టీ. చూడ్డానికి భయంకరంగా ఉండాలని దాని చెవులు తనే కత్తెరతో కత్తిరించాడు. 'సార్' అని పేరు పెట్టాడు. గొలుసు పట్టుకుని బయటికొస్తే జనం గోడకి అతుక్కుపోయేవాళ్ళు. వాళ్ళు భయపడింది కుక్కకి. ఈ వెధవ తనకనుకుని మీసం దువ్వేవాడు. పిల్లలు మెట్ల మీద ఆడుకోవడం మానేశారు. కింది వాటా తాతగారు అరుగు మీద కూర్చోవడం మానేశారు.

"కరుస్తుందా బాబూ?" అని ఎవరైనా అడిగితే, "కరుస్తారా అనండి" అని దిద్దేవాడు. సార్ లేచారు, సార్ తిన్నారు, సార్ పడుకున్నారు. పెళ్ళాం మాత్రం లేచింది, తింది, పడుకుంది. సార్‌కి మంచం, దానికి వంటింట్లో చాప. ఒకసారి అక్క వెళ్ళేసరికి, సార్ నాకి వదిలిన కంచంలోనే చెల్లెలు అన్నం పెట్టుకుంటోంది.

"నాతో వచ్చెయ్యవే" అంది అక్క, ఆమె చెయ్యి పట్టుకుని.

"ఎలా వస్తానక్కా? గుమ్మంలో వారుంటారుగా."

వారు అంది! తిట్టినా బాగుండేదనిపించింది అక్కకి.

ఇప్పుడు ఆమె ఆ మెట్లే ఎక్కుతోంది. చీకటి పడుతోంది. కరెంటు లేదు. తడిసిన బొచ్చు వాసన, దాని వెనకే కుళ్ళిన మాంసం కంపు... చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఏడుపు కూడా రావడం లేదు.

తలుపు తీసే ఉంది. మరిది గుమ్మం లోపల గోడకి అతుక్కుని నిలబడ్డాడు. అచ్చం వీధిలో జనంలాగే.

మంచం మీద చెల్లెలు కూర్చుని ఉంది.

అక్కకి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం ఒళ్ళు మండిపోయింది.

"ఏమయ్యా, బుద్ధుందా నీకు? పోయింది కుక్కయితే..."

"ష్... మెల్లగా. వారు వింటారు."

"ఇంకా వారేమిటి? చచ్చిందిగా!"

అతను తల అడ్డంగా ఊపాడు. వంటింటి వైపు వేలు చూపించాడు.

చాప మీద కుక్క చచ్చి పడుంది. ఈగలు ముసిరి ఉన్నాయి. కత్తిరించిన చెవుల అంచుల్లో ఇంకా చీము. అక్క మొహం తిప్పుకోబోయి ఆగిపోయింది. కుక్కలు అలా పడుకోవు... పక్కకి ఒత్తిగిలి, మోకాళ్ళు ముడుచుకుని, ముందరి కాలు చెంప కింద పెట్టుకుని పడుంది. చిన్నప్పట్నుంచీ ఆమె పక్కలో చెల్లెలు అలాగే పడుకునేది.

"నిన్న పొద్దున చూస్తే ఇలా ఉంది వదినా" గొణిగాడు మరిది. "వారేమో మంచం దిగరు. నన్ను బయటికి వెళ్ళనివ్వరు."

"నోర్ముయ్!"

అక్క గబగబా వచ్చి చెల్లెల్ని కావలించుకుంది. ఒళ్ళు కాలిపోతోంది. జుట్టులోంచి అదే తడి బొచ్చు వాసన. ఒళ్ళో కంచం. మూతి నిండా జిడ్డు... చేతికి మాత్రం మెతుకు అంటలేదు. అక్క భుజం మీద వెచ్చగా, జిగటగా ఏదో కారింది.

జ్వరం. పిచ్చి భయం. ఇన్నాళ్ళూ ఈ పశువుతో కాపురం చేస్తే ఎవరికైనా మతి పోతుంది. అక్క తనకి తనే చెప్పుకుంది.

"పదవే. మనింటికి పోదాం."

చెల్లెలు మాట్లాడలేదు. అక్కా అని పిలవలేదు. కానీ లేచింది. చెయ్యి పట్టుకుంటే బుద్ధిగా వెంట నడిచింది. నేల మీద గోళ్ళ చప్పుడు... టిక్. టిక్. టిక్. అక్క కిందికి చూడలేదు.

మరిది చేతులు జోడించి పక్కకి తప్పుకున్నాడు. "వెళ్ళిరండి సార్" అన్నాడు. అతని పంట్లాం తడిసి ఉంది. అక్కకి జాలి కలగలేదు, ఉమ్మెయ్యాలనిపించింది.

గడప దాటబోయింది.

"అక్కా..."

ఎంత సన్నని గొంతు! నిద్రలో పీడకల వస్తే చిన్నప్పుడు పిలిచే గొంతు.

"అమ్మయ్య, మాట్లాడావా తల్లీ" అంటూ వెనక్కి తిరిగింది అక్క.

చెల్లెలి నోరు మూసే ఉంది. కళ్ళు వంటింటి వైపు తిరిగి ఉన్నాయి. పెదవి ఒక పక్క పైకి లేచి, పన్ను కనబడుతోంది.

చీకట్లోంచి ఈగలు ఒక్కసారిగా లేచిన చప్పుడు.

"అక్కా... నన్ను కూడా..."

"అది పిలుస్తోంది వదినా" మరిది గోడకేసి మొహం దాచుకున్నాడు. "నిన్నట్నుంచీ మిమ్మల్నే పిలుస్తోంది."

అక్క తన చెయ్యి విడిపించుకోబోయింది.

ఆ చెయ్యి వదల్లేదు.