తలవైపు ఎత్తు

...బతికున్న మనిషిని అట్లా కూర్చోబెట్టకూడదు, వీపు వెనక ఎత్తు పెట్టి, తల ఒక పక్కకు వాలిపోతుంటే దిండు ఆనించి, నుదుటి మీద విభూతి రేఖలు దిద్ది... లేదు, విభూతి పెట్టలేదు కదా! ఇంకా ఎవరూ పెట్టలేదు కదా! గంగామణి ఉలిక్కిపడి తన ఆలోచనను తానే పట్టి ఆపింది. ఐసీయూ అద్దం తలుపు అవతల మంచం మీద భర్త వీరేశం కనిపిస్తున్నాడు. నోట్లో గొట్టం, ముక్కులో మరో సన్నటి గొట్టం, పక్కన మిషన్. మిషన్ ఊపిరి పోసినప్పుడల్లా ఛాతీ లేస్తోంది, పడుతోంది. మంచం తలవైపు భాగాన్ని ఎత్తి ఉంచారు. అదే, ఆ ఎత్తే ఆమెకు చూడ శక్యం కావడం లేదు!

వాళ్ళ లింగాయత్ ఇళ్ళలో పోయినవాళ్ళను పడుకోబెట్టరు. ఒళ్ళు బిగుసుకోకముందే కాళ్ళు మడిచి, గోడకు ఆనించి కూర్చోబెడతారు. ఆఖరి ప్రయాణమూ కూర్చునే, మట్టిలోనూ కూర్చునే. వీరేశం చిన్నప్పుడు వాళ్ళ తాత పోతే, ఆ తల వాలిపోకుండా గడ్డం కింద అరచెయ్యి పెట్టి పట్టుకోమని పక్కన కూర్చోబెట్టారట. ఆ చల్లదనం అరచేతిలో నుంచి ఎన్నటికీ పోలేదని ఆయన పెళ్ళయిన కొత్తలో చెప్పాడు. అప్పటినుంచీ గోడకు ఆనుకుని కునుకు తీసిన మనిషి కాదు. బస్సులో నిద్రపోడు. తల కింద దిండు కూడా పెట్టుకోడు. "బతికినన్ని దినాలు సాపుగ పండుకోనియ్యే గంగా! పోయినంక ఎట్లాగూ కూసోవెడ్తరు కదా!" అని నవ్వేవాడు... ఆ నవ్వు ఇప్పుడు ఎక్కడుంది!

అట్లా సాపుగా పడుకున్నందుకే కదా ఇదంతా! కాలువ కింద కౌలు పొలం కోసి, వడ్ల కుప్ప పక్కన టార్పాలిన్ మీద కావలి పడుకున్నాడు. కట్లపాము కరిచిన సంగతి కూడా తెలియలేదు. తెల్లవారి ఇంటికొచ్చి, "గంగా, కండ్లు తెరవస్తలేవే..." అన్నాడు. దవాఖానకు తెచ్చేసరికి మాట పోయింది, ఆ తర్వాత ఊపిరి ఆగబోయింది. డాక్టరు సూది మందు ఇచ్చి, గొట్టం వేసి, బయటికి వచ్చి చెప్పాడు: "విషం కండరాలను కట్టేసిందమ్మా. అది దిగేదాకా మిషన్ ఊపిరి పోస్తుంది. ఆయనకు తెలివి ఉంటుంది, మీ మాటలు వినిపిస్తాయి. కన్ను తెరవలేడు, వేలు కదపలేడు, అంతే."

అంతే! ఆ ఒక్క మాట ఆమె లోపలికి జారి, అక్కడ ముల్లులా దిగింది. అయితే ఆయనకు తెలుస్తోందన్నమాట... వీపు కింద ఎత్తు తెలుస్తోంది, తల వాలడం తెలుస్తోంది, చుట్టూ ఏడుపులు వినిపిస్తున్నాయి. ఆయన ఏమనుకుంటాడు? తనను కూర్చోబెట్టేశారనుకోడా? కదలలేక, అరవలేక, మూసిన రెప్పల వెనక ఒక్కడే ఆ భయంలో మునిగిపోతూ... అయ్యో దేవుడా!

అందుకే నిన్న సాయంత్రం చూడనిచ్చే వేళ ఆ పని చేసింది. నర్సు కృప పక్క మంచం దగ్గర ఉండగా, మంచం కాళ్ళవైపు కిందున్న పిడిని మెల్లగా తిప్పింది. తలవైపు భాగం దిగింది. ఆయన సాపుగా, ఇంట్లో పడుకున్నట్టే పడుకున్నాడు! ఆమె గుండె తేలికైంది. బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుని తనివితీరా ఏడ్చింది.

కృప చూసేసరికి చాలాసేపయింది. పరుగున మంచం లేపి, నోట్లోంచి తెల్లగా కారుతున్నదంతా మిషన్‌తో లాగి, గట్టిగా అరిచింది. "ఎవరు దించిండ్రు గీ మంచం? హన్మంతన్నా, ఊడ్వనీకి నువ్వు దించితివా?"

"నేనెందుకు ముడ్తనమ్మా!" అన్నాడు ఊడ్చే హన్మంతు. "నా ఇంట్ల మంచమే జరుపనీకి నాకు పర్మిషన్ లేదు, నా పెండ్లాం కొడ్తది!"

అరుపులు విని గంగామణి తలుపు దగ్గరికి వచ్చింది. కృప గంగామణి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "అక్కా, ముక్కుల నుంచి కడుపులకు పాలు పోస్తున్నం కదా. మనిషి సాపుగ పండుకుంటే ఆ పాలు పైకొస్తయి, నోట్ల ఉమ్మితోని కలిసి ఊపిరితిత్తులల్లకు జారుతయి. మనమైతే దగ్గుతం. పాపం, అన్నకు దగ్గస్తదా? గందుకే తలదిక్కు లేపి ఉంచుతం, నోరు మందుతోని తుడుస్తం, పక్కకు ఒత్తిగిలిస్తుంటం. ఎవలన్న ముట్టుకుంటే నాకు చెప్పు."

గంగామణి తలూపింది. నేనే అని చెప్పలేదు.

ఈ పొద్దున జ్వరం వచ్చింది. గొట్టంలోంచి లాగే కఫం రంగు మారింది. "ఊపిరితిత్తుల్లో నిమ్ము మొదలైనట్టుంది. మందు మార్చాం. ఇది ముదిరితే పాము విషంకన్నా ఇదే ప్రమాదం," అన్నాడు డాక్టరు. నిన్నటి దానివల్లేనా అని అడగాలనుకుంది. అడిగితే జవాబు వస్తుందని భయపడింది. కూతురు భవిత మెడ చుట్టూ చేతులు వేసి, "అమ్మా, బాపుకు ఏం గాదు కదా? చెప్పమ్మా!" అంటుంటే, ఆ చేతుల బరువుకు తన మెడ విరుగుతుందేమో అనిపించింది. ప్రేమతోనే తిప్పానా ఆ పిడిని? లేక నా భయాన్ని నేను చూడలేక తిప్పానా? ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. చూస్తున్నది నేను. కూర్చోబెట్టిన ఆ తాతను చూసినట్టు చూస్తున్నది నేను! అయ్యో, దవాఖానకు తెచ్చినప్పటినుంచీ ఆయనతో ఒక్క మాటైనా మాట్లాడానా? పోయినవాళ్ళ ముందు నిలబడ్డట్టు నిలబడి, ఏడ్చి, బయటికి వచ్చాను...

సాయంత్రం అత్త సంగవ్వ బిచ్కుందలోని కూతురింటి నుంచి వచ్చింది. ఇద్దరినీ కలిపి లోపలికి పంపారు. అప్పుడే కృప ముక్కులో పాలు ఆపి, మంచం కాసేపు దించి, హన్మంతు సాయంతో వీరేశాన్ని ఒత్తిగిలించి దుప్పటి మార్చింది. వెల్లకిలా తిప్పి, "ఇగ తలదిక్కు లేపాలె," అంటూ పిడి వైపు వంగింది.

"లేపుతవా? ఎందుకు లేపుతవు?" సంగవ్వ గొంతు చీలింది. వంగి ఆ పిడిని రెండు చేతులా పట్టుకుంది. "అద్దంల నుంచి సూసిన బిడ్డా! నా కొడుకును గోడకు కూసోవెట్టినట్టు కూసోవెట్టిండ్రు! మా మామను గట్లనే కూసోవెట్టినం, నా పెనిమిటిని గట్లనే కూసోవెట్టినం... నా కడుపున పుట్టినోన్ని నా కండ్ల ముంగట కూసోవెడ్తరా? పండుకోనియ్యుండ్రి! వానికి సాపుగ పండుకునుడే ఇష్టం!"

"అవ్వా, జరుగు. నిమ్ము ఎక్కువైతదే అవ్వా!"

"నేను జరుగ! నన్ను సంపి లేపుండ్రి!"

కృప నిస్సహాయంగా గంగామణి వైపు చూసింది. గంగామణి అత్త చేతులను చూసింది. అవి తన చేతుల్లాగే ఉన్నాయి. నిన్న అదే పిడి మీద ఉన్న చేతులు! ఒక్క క్షణం, ఆ చేతులు అక్కడే ఉండనీ అనిపించింది... ఆయన సాపుగా, హాయిగా పడుకున్నాడు, ముఖంలో శాంతి ఉంది... శాంతి కాదది! పెదవి మూల నుంచి ఉమ్మి సన్నగా జారుతోంది. లోపలికి ఎంత జారుతోందో!

"అత్తమ్మా... నిన్న నేనే దించిన." ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నీ లెక్కనే అనుకున్న. నీ లెక్కనే భయపడ్డ. భయపడ్డది మనం... జ్వరం ఆయనకొచ్చింది!"

సంగవ్వ పిడి వదలకుండానే కోడలి వైపు తల తిప్పింది. హన్మంతు తల వంచుకుని బకెట్ తీసుకున్నాడు.

గంగామణి కాళ్ళవైపు దుప్పటి తొలగించింది. భర్త పాదాలు చాపి ఉన్నాయి, బీటలు వారిన మడమలు, గోళ్ళ సందుల్లో ఇంకా పోని పొలం మన్ను. వాటిని గట్టిగా అదిమింది. ఆ తర్వాత చెవి దగ్గరికి వంగి, దవాఖానకు వచ్చాక మొదటిసారి ఆయనతో మాట్లాడింది.

"భవిత బాపూ! నా మాట ఇంటున్నరా? మిమ్ములను కూసోవెడ్తలేం. తలదిక్కు ఒక్కటే లేపుతున్నం, ఊపిరి కోసం. కాళ్ళు సూడుండ్రి... సాపి ఉన్నయ్. నేను పట్టుకున్నది తెలిసిందా? పోయినోళ్ళ కాళ్ళు మనం సాపనియ్యం కదా! మీవి సాపే ఉన్నయ్. భయపడకుండ్రి..."

రెప్ప కదలలేదు. మిషన్ ఒక్కటే ఊపిరి పోసింది, ఆగింది, మళ్ళీ పోసింది. ఆయన విన్నాడో లేదో, లోపలి నిమ్ము తగ్గుతుందో ముదురుతుందో ఎవరికీ తెలియదు.

"పాదాలు పట్టుకో అత్తమ్మా. నీ చెయ్యైతే ఆయనకు తెలుస్తది. ఇడువకు."

సంగవ్వ వేళ్ళు పిడి మీద నుంచి ఒక్కొక్కటిగా వదులయ్యాయి. ఆమె ఏడుస్తూనే కొడుకు రెండు పాదాలనూ గుండెకు హత్తుకుంది.

గంగామణి వంగి, పిడి పట్టుకుని, తిప్పింది.