బొగ్గుతో గీసిన కళ్లు

టీ తాగి వచ్చేసరికి నేను చెక్కుతున్న అమ్మవారికి కళ్లు వచ్చేశాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆళ్లగడ్డలో మా శిల్పుల ఇళ్లల్లో విగ్రహానికి కళ్లు ఆఖర్న, ముహూర్తం చూసి తెరుస్తారు. అంతదాకా ఆ చోట బొగ్గు కూడా ఆనకూడదు. అలాంటిది, చేతినిండా మసితో ఒక పిల్ల రాతిముందు నిలబడి, తను గీసింది తనే ముచ్చటగా చూసుకుంటోంది.

"ఎవురు మే నువ్వు? ఏం చేస్తాండావ్ ఈడ?"

"ఇంద్రజ. మాది నంద్యాల. ఆర్ట్ స్టూడెంట్‌ని. మీ నాయనే స్కెచ్‌లు ఏసుకోమన్యాడు."

"కాగితం మీద ఏసుకోమన్యాడు. రాయి మీద కాదు."

"గుడ్డిగా కూర్చోనుంటే జాలేసిందప్పా!" అని నవ్వేసింది.

తడిగుడ్డ తీసుకున్నాను. తుడవబోయి ఆగాను. ఆ గీత నా గీత కంటే బాగుంది. అందుకు వచ్చిన కోపం వేరే.

"నీకు కన్ను గీసేది రాదు," అన్నాను.

"సరే. నేర్చుకుంటా. శనివారం వస్తా."

వచ్చింది. ఆ ఏడాదంతా ప్రతి శనివారం నంద్యాల బస్సు దిగి వచ్చింది. ఎండాకాలం బనగానపల్లె మామిడికాయలు తెచ్చింది, వానాకాలం నా గొడుగు పట్టుకుపోయి తిరిగి ఇవ్వలేదు. నా మొహం మీదే జోకులేసేది. పోయేముందు మాత్రం నోట్‌బుక్ తెరిచి, నవ్వు మాని అడిగేది.

"ఇప్పుడన్నా వచ్చిందా కన్ను?"

"ఇంకా రాలేదు."

ఎప్పుడో వచ్చింది. ఆ మాట అంటే శనివారాలు ఆగిపోతాయని నా భయం. ఇష్టమని చెప్పడానికి దమ్ము లేక, బాగాలేదని చెబుతూ వచ్చాను.

టొరంటో ఆర్ట్ కాలేజీలో సీటు వచ్చిందని చెప్పిన రోజు కూడా అదే అడిగింది. అదే చెప్పాను. నేర్చుకోడానికైనా ఉండిపోతుందేమోనని ఆశ. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఇంద్రజ నోట్‌బుక్ మూసి వెళ్లిపోయింది.

పన్నెండేళ్లకు కెమెరాతో దిగింది. సినిమాలు తీస్తోందట. రాతిపని మీద తీయడానికి వచ్చింది.

"బొమ్మలు ఏస్తాండావా?" అడిగాను.

"మానేసినా. ఆడ ఐదేండ్లు మనుషుల వీపులే ఏసినా. గ్యాలరీ వాళ్లు అదో స్టైల్ అనుకున్యారు." కెమెరా సర్దుకుంటూ మామూలుగానే చెప్పింది. "నాకు కన్ను రాదు కదప్పా. కెమెరా అయితే అదే పట్టుకుంటాది. ఊఁ, చెప్పు, కండ్లు ఎట్లా తెరుస్తారు?"

చేతిలో ఉలి కింద పెట్టాను.

"నువ్వు గీసినట్లే. మొదటి పొద్దు ఆ అమ్మవారికి గీసినావే, అట్లనే చెక్కినా. అప్పట్నుంచీ అన్నిటికీ అదే. నీకు ఎప్పుడో వచ్చింది ఇంద్రజా. వచ్చిందంటే నువ్వు మళ్లా రావని అబద్ధం చెప్పినా. నువ్వంటే ఇష్టముండె."

ఆమె కెమెరా ఆపేసింది.

"ఆ పొద్దే చెప్పింటే పోకుండా ఉండేదానివా?" నేనే అడిగాను.

"పోయేదాన్నే. కానీ బొమ్మలేసుకుంటా పోయేదాన్ని."

సగం చెక్కిన కొత్త రాయి ముందుకు జరిపి, బొగ్గుముక్క చేతికిచ్చాను.

"మరి మీ ఆచారం?"

"నాయన లేడు. నేను చెప్తాండా, గియ్యి."

ఒక కన్ను వచ్చింది. రెండోది కుదరలేదు. తుడిచింది, గీసింది, మళ్లీ తుడిచింది.

"రావడంల్యా," అంది. ఈసారి అది నిజమే. అలా చేసింది నేనే.

"శనివారం వస్తావా?"

"శుక్రవారం ఫ్లైటు."

నంద్యాల బస్సు ఎక్కించాను. రెండో కన్ను నేను గీయగలను. కానీ నువ్వొచ్చి గీసేదాకా ఆ రాయి ముట్టనని, బస్సు కదలకముందే చెప్పేశాను.

ఇంద్రజ కిటికీలోంచి చెయ్యి ఊపింది. మసి ఇంకా కడుక్కోలేదు.