టాలీ నాబ్ మీద ఊపిరి

చీకటి పడ్డాక టాలీ నాబ్ కొండ మీదికి ఎవరూ వెళ్లరు. పైన అడవి కాపలాదారు పాత గది ఒకటుంది. ఎనభై ఏళ్ల కిందట ఆమోస్ అనే కాపలాదారు మంచులో చిక్కుకుని ఆ గదిలోనే పోయాడట. చేతిలో ఫోను పట్టుకునే ఉన్నాడట... కింద తీగ ఎప్పుడో తెగిపోయింది. అప్పట్నుంచి లోపల ఎవరో బరువుగా ఊపిరి తీస్తున్నారని వేటగాళ్లు ఒట్టేసి చెప్పేవాళ్లు.

మా వెస్ట్ వర్జీనియా కొండల్లో ఇలాంటి కథలు గుమ్మానికొకటి. నేను నమ్మను. నమ్మేవాణ్ణయితే, సరదాకి రేడియోల్లో మాట్లాడుకునే మా హామ్ రేడియో క్లబ్బు రిపీటర్‌ని ఆ గదిలో పెట్టేవాణ్ణే కాదు.

మూతపడ్డ ఓ టాక్సీ కంపెనీ కార్లలోంచి పీకిన రెండు రేడియోలతో చేశాను దాన్ని. ఒకటి వింటుంది, రెండోది ఆ విన్నదాన్నే లోయంతా వినిపిస్తుంది. కొండ మీద మాట్లాడేవాడెవడూ ఉండడు కదా అని మైకులు కత్తిరించి పారేశాను. మాట ఆగగానే టక్కున మూతపడకుండా, అయిదు సెకన్లు తెరుచుకునే ఉండేలా ఒక తోక తగిలించాను. ఆ తోకంటే నాకు భలే గర్వం.

జనవరిలో ఒక మంగళవారం రాత్రి ఏడింటికి, ఎవరింట్లో వాళ్లం అప్పుడే రేడియోలు పెట్టుకుని మీటింగు మొదలెట్టాం. తేల్చాల్సింది ఒక్కటే — డెల్బర్ట్ స్పర్లాక్‌ని క్లబ్బులోంచి గెంటేయాలా, వద్దా.

డెల్బర్ట్ ఒంటిగాడు, నోటి దురుసు మనిషి. క్లబ్బు లేకపోతే వాణ్ణి పలకరించే దిక్కు లేదు. కిందటి నెల మా ప్రెసిడెంటు ఆర్విల్‌తో గొడవపడి, "నేను లేకుండా మీ రిపీటర్ ఎలా నడుస్తుందో నేనూ చూస్తా" అని విసురుగా వెళ్లిపోయాడు.

ఆర్విల్ గొంతు సవరించుకున్నాడో లేదో — రిపీటర్ తెరుచుకుంది.

మాట లేదు. బుస్స్‌మంటూ... ఊపిరి. మూతపడింది. నిమిషం తరవాత మళ్లీ అదే.

"చూశారా? వాడే!" అన్నాడు ఆర్విల్. "మీటింగు చెడగొట్టడానికి బటన్ నొక్కి కూర్చుంటున్నాడు వెధవ. ఎవరూ పలకొద్దు."

అది మా పాత అలవాటు. నొక్కి మాట్లాడకుండా అల్లరి పెట్టేవాడికి జవాబివ్వకూడదు. పలికితే రెచ్చిపోతాడు, పలకకపోతే విసిగి వాడే పోతాడు.

ఎవరం పలకలేదు. కానీ ఆ ఊపిరి ఆగలేదు... పైగా ఒక్కోసారి మరీ పొడుగ్గా వస్తోంది.

"వాడు ఉండాలనేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి," అన్నాడు ఆర్విల్.

నా వేలు బటన్ మీదే ఉంది. పదేళ్ల స్నేహం మాది. అయినా, వీడు నిజంగానే ఇంత కక్ష కడతాడా అని అనుమానం పురుగులా తొలిచేస్తోంది. నేను నొక్కలేదు. ఇంకెవరూ నొక్కలేదు.

"అయితే తీర్మానం ఖాయం," అన్నాడు ఆర్విల్.

అప్పుడే ఫోను మోగింది. మా క్లబ్బులోదే, కొండ కింద ఉండే నోరీన్.

"లైల్..." గుసగుసగా అంది. "రిపీటర్ వినే చానల్ మీద నేను చెవి పెట్టాను. మీలో ఎవరు నొక్కినా నాకు నేరుగా వినబడుతోంది. ఆ ఊపిరి తప్ప."

"అంటే?"

"ఎవరూ నొక్కట్లేదు లైల్. దానంతట అదే తెరుచుకుంటోంది."

నేను కిటికీలోంచి కొండ వైపు చూశాను.

"ఆమోస్..." అంది తను.

"నోరు మూసుకుని బండి తియ్యి," అన్నాను. ధైర్యంతో కాదు, భయంతోనే.

టైర్లకి గొలుసులు కట్టిన తన బండిలో అరగంటలో పైకెక్కాం. గది ముందు మంచు కప్పుకుపోయిన ఒక ట్రక్కు... డెల్బర్ట్‌ది.

"దొరికాడు దొంగ!" నోరీన్ పళ్లు నూరింది. "లోపల దూరి ఆడిస్తున్నాడన్నమాట. ఎంత ఒళ్లు కొవ్వు!"

నాకూ మండిపోయింది. తలుపు మీద చెయ్యి వేశాను — లోపల, చీకట్లో, ఎవరో మాట్లాడుతున్నారు. చెవి ఆనించాను.

ఆర్విల్ గొంతు!

ఆ తరవాత గుర్తొచ్చింది, వినే రేడియోకి స్పీకరు నేను తియ్యలేదు. మీటింగు అయిపోయినా వాళ్ల కబుర్లు ఇంకా నడుస్తున్నాయి.

తలుపు తోసి టార్చి వేశాను.

డెల్బర్ట్ నేల మీద పడి ఉన్నాడు. పక్కన విరిగిన అటక చెక్క. కొత్త బ్యాటరీ, దాని ఇనప పెట్టెతో సహా కాలి మీద పడిపోయింది. ఒక చెయ్యి మాత్రం పైకి చాచి రిపీటర్ వెనక ఏదో పట్టుకున్నాడు. వేళ్ల మధ్య నేను బిగించిన తీగ, తొక్క ఒలిచి ఉంది. దాన్ని ఇనప చట్రానికి ఆనిస్తున్నాడు, తీస్తున్నాడు; ఆనించినప్పుడల్లా రిపీటర్ తెరుచుకుంటోంది. పెదాలు నీలం తేలాయి.

"చలికి బ్యాటరీ పోతుందని... మార్చేద్దామని వచ్చా," అన్నాడు. "మైకు లేదుగా... మధ్యాహ్నం నుంచీ ఈ తీగతోనే కొడుతున్నా. మూడు పొట్టి, మూడు పొడుగు, మూడు పొట్టి... కాపాడండని. మీకు అందలేదా?"

అందలేదు. అన్నిటినీ నా తోక కలిపేసి ఒక్క ఊపిరి చేసి పంపింది. లోయలో అందరం విన్నాం, ఒక్కరికీ తెలియలేదు.

నోరీన్ ఏడుస్తూనే పెట్టె ఒక పక్క ఎత్తింది. రెండో పక్క నేను ఎత్తి, వాడి కాలు ఇవతలికి లాగాను. వేళ్లలోంచి తీగ జారిపోయింది.

స్పీకర్లో ఆర్విల్ నవ్వాడు. "హమ్మయ్య, ఆగాడు."

"ఇంక భయం లేదురా, కిందికి తీసుకుపోతాం," అన్నాను నా కోటు వాడి మీద కప్పుతూ.

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఐసుముక్కలా ఉంది ఆ చెయ్యి.

"అంతా విన్నాను లైల్," అన్నాడు నెమ్మదిగా. "ఆర్విల్ అడిగాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు చూడు... నువ్వు మాట్లాడతావనే అనుకున్నాను."