పక్కవీధి బిడ్డలు

అక్కయమ్మ కాగిన నీళ్ళ బిందెను గడప బయట దించి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. గదిలో పసివాడు సన్నగా ఏడుస్తున్నాడు. తలుపు ఓరగా తెరుచుకుంది. అత్త భాగీరథమ్మ చెయ్యి బయటికి వచ్చి బిందెను లోపలికి లాక్కుంది. మళ్ళీ తలుపు మూసుకుంది.

ఐదు నెలలుగా ప్రతి ఉదయం ఇదే వరస. ఆ గదిలో, పట్టాళంలో ఉన్న మరిది నాగరాజు భార్య వెంకటలక్ష్మి, ఆమె కొడుకు ఉంటారు. పోయిన మామగారి పేరు పెట్టి, వాడిని చిక్కమునియప్ప, అంటే చిన్న మునియప్ప, అని పిలుస్తున్నారు. అక్కయమ్మ ఈ ఇంటి పెద్దకోడలు. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా పిల్లలు లేరు. వాడిని ఉయ్యాలలో వేసిన రోజున భాగీరథమ్మ ఆమెను పక్కకు పిలిచింది.

"నువ్వు మంచిదానివే అక్కయా. అయినా కంటి దిష్టి మన చేతిలో ఉండేది కాదు గదా. బిడ్డకు ఏడాది నిండేదాకా ఆ గదిలోకి రావొద్దు" అంది.

తిట్టి ఉంటే అక్కయమ్మ ఏడ్చి ఊరుకునేది. అత్త మెల్లగా, బతిమాలినట్టు చెప్పింది. అక్కయమ్మ తలూపింది.

ఆ రోజు మంగళవారం. చీర సర్దుకుని, "అత్తా, సమాజానికి పోయొస్తా" అని మూసిన తలుపుతో చెప్పింది.

"పో, పో. తొందరేమీ లేదు. నిదానంగా రా" అని లోపలి నుంచి జవాబు వచ్చింది.

ఆ మాటలోని సంబరం ఎందుకో అక్కయమ్మకు తెలుసు. వారంలో ఆమె బయటికి పోయే ఆ రెండు రోజులే పసివాడిని వాకిట్లోకి తెచ్చి నూనె రాసేవాళ్ళు. ఆమె ఇంట్లో లేనప్పుడే వాడికి ఎండ తగిలేది.

అవి యుద్ధం రోజులు. బెంగళూరు పేటల్లో బియ్యానికి కార్డు, కిరసనాయిలుకు పొడుగాటి వరస. పాలలో సగం నీళ్ళే. పక్కవీధిలో బాటసారులు దిగే ఛత్రం వీధి అరుగును జగిలి అనేవాళ్ళు. దాని మీద మహిళా సమాజం వాళ్ళు మంగళవారం, శుక్రవారం పసిబిడ్డల్ని తూచి, బక్కచిక్కిన వాళ్ళకు పాలపొడీ రాగిపిండీ ఇచ్చేవాళ్ళు. శుక్రవారాల్లో డాక్టరమ్మ కూడా వచ్చేది. దాన్ని నడిపేది జయమ్మ అనే పాత పంతులమ్మ. ఏడాది కిందట ఆమె వీళ్ళ గాజుల అంగడికి వచ్చి, "మీ ఇంటామెకు అక్షరం వచ్చునంట. పంపించప్పా, బిడ్డల తూకాల కార్డులు రాసేకి మనిషి కావాల" అని అడిగితే, అక్కయమ్మ భర్త మునినారాయణప్ప కాదనలేకపోయాడు.

కార్డులు రాయడానికి వెళ్ళిన అక్కయమ్మ మూడో వారానికే తూకం దగ్గర నిలబడింది. ఏడ్చే బిడ్డలు ఆమె చేతుల్లోకి వస్తే ఊరుకునేవాళ్ళు. ముల్లు చూడకముందే, చేతిలోకి తీసుకోగానే ఆమెకు బరువు తెలిసిపోయేది. "పది పౌన్లుంటాడు" అంటే అటూ ఇటూగా అంతే ఉండేది.

ఆ రోజు మారెమ్మ అనే కూలిమనిషి తన కూతుర్ని ఆమె చేతుల్లో పెట్టి, "నీ చెయ్యి చల్లనిదమ్మా. నీకెంతమంది బిడ్డలు?" అంది.

"ఇద్దరు" అంది అక్కయమ్మ.

ఆ అబద్ధం ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. పక్కన రాగిపిండి కొలుస్తున్న జయమ్మ తలెత్తి చూసి, మళ్ళీ వంచుకుంది. నిజం చెబితే ఈ తల్లులు కూడా బిడ్డల్ని చాటు చేసుకుంటారేమో! అక్కయమ్మకు ఆ పాపను తూకం మీద నుంచి తీయబుద్ధి కాలేదు.

పాలపొడి అయిపోవడంతో ఆ మంగళవారం తొందరగా ముగిసింది. అక్కయమ్మ ఇంటికి వచ్చేసరికి భాగీరథమ్మ వాకిట్లో కాళ్ళు చాపి కూర్చుని ఉంది. కాళ్ళ మీద చిక్కమునియప్ప వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అక్కయమ్మను చూడగానే ఆమె గబుక్కున వాడి మీద కొంగు కప్పేసింది.

కానీ అక్కయమ్మ చూసేసింది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. తొడల మీద చర్మం ముడతలు పడి వేలాడుతోంది. అలాంటి బిడ్డల్ని ఆమె జగిలి మీద చూసింది. వాళ్ళలో ఇద్దరు మళ్ళీ రాలేదు.

మర్నాడు వంటింట్లో ఆమె అత్త చేతులనే గమనించింది. పురిటి జ్వరంలో వెంకటలక్ష్మికి పాలు ఎండిపోయాయి. అప్పటినుంచి పసివాడికి ఆవుపాలే. ఆ పాలు భాగీరథమ్మ స్వయంగా కాచేది, ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు. ఒక గ్లాసు పాలు పోసింది. తర్వాత నీళ్ళు. ఒకటి, రెండు, మూడు, నాలుగు గ్లాసులు. గిన్నెలో తెల్లటి కడుగునీళ్ళ లాంటిది పొయ్యి మీదికి ఎక్కింది.

అంగడికి బయలుదేరుతున్న భర్తను అక్కయమ్మ నడవలో ఆపింది. "ఇదో, బిడ్డకు ఆ పాలు చాలవు. మీరన్నా అత్తకు చెప్పండి."

మునినారాయణప్ప చెప్పుల్లో కాళ్ళు దూర్చుతూ, "ఆడోళ్ళ సంగతి నాకేం తెల్సు? అమ్మకు ఎదురు చెప్పేకి నాకు నోరు రాదు. నువ్వు గూడా సుమ్మనుండు" అన్నాడు.

ఆమె ఒక పూట ఊరుకుంది. మధ్యాహ్నం గదిలోంచి పసివాడి ఏడుపు వినిపించింది. ఏడుపు కూడా కాదు, పిల్లి కూన మూలిగినట్టుంది. అక్కయమ్మ చేతిలో చేట కింద పెట్టి లేచింది.

"అత్తా, ఒక మాట. పాలల్లో నీళ్ళు శానా ఎక్కువైతాండాయి."

భాగీరథమ్మ వెనక్కి తిరిగింది. "ఏమంటివి?"

"నిన్న బిడ్డను చూస్తిని. తొడలు ఎండిపోయి ఉండాయి. శుక్రవారం డాక్టరమ్మ వస్తాది. ఒక్కసారి తీసుకపోయి తూయిద్దాం."

"చూస్తివా?" భాగీరథమ్మ రెండడుగులు ముందుకు వచ్చింది. "అందుకే రాత్రంతా ఏడ్చినాడు! ఐదు నెలలు రెప్పలాగా కాపాడుకుంటే, కన్ను వెయ్యనే వేస్తివా!"

"కన్ను కాదత్తా. ఆకలి."

"నాకు చెప్తావా? కని సాకినదాన్ని నేను. నువ్వు వీధిలో బిడ్డల్ని తూస్తే తల్లివైపోతివా?"

అన్నం తినడానికి అప్పుడే వచ్చిన మునినారాయణప్ప గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. వెంకటలక్ష్మి పసివాడిని ఒడిలో పెట్టుకుని గది గడప మీద కూర్చుని ఉంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. అక్కయమ్మ ఆమె వైపు తిరిగింది.

"లచ్చిమీ, నీ బిడ్డ వాడు. నువ్వు చెప్పు. పాలు తాపినాక వాని కడుపు నిండుతాండాదా?"

వెంకటలక్ష్మి పెదవులు కదిలాయి. అత్త వైపు చూసి, తల గోడకు తిప్పుకుంది.

అక్కయమ్మ లోపలికి వెళ్ళి, నాలుగు చీరలు మూట కట్టుకుని వచ్చింది.

"నా కన్నే అయితే నేను ఈడ ఉండను. కాడుగోడికి, మా అన్న ఇంటికి పోతా. నేను పోయినాక వాడు తేరుకుంటే మంచిదే, మల్ల ఈ గడప తొక్కను. తేరుకోకపోతే మాత్రం, అత్తా, మీ కాళ్ళు పట్టుకుంటా, వాన్ని జయమ్మ తావకు ఎత్తుకపోండి."

ఉండమని ఎవరూ అనలేదు. మునినారాయణప్ప స్టేషన్ దాకా మూట మోసుకొచ్చాడు. టికెట్టు ఆమె చేతిలో పెట్టి, "నాలుగు దినాలుండి రా" అన్నాడు. రైలు కదిలేటప్పుడు అతని కళ్ళు తడిశాయి. ఆ తడి నడవలో ఉన్నప్పుడు వచ్చి ఉంటే బాగుండేదని అక్కయమ్మ అనుకుంది.

కాడుగోడిలో అన్న ఏమీ అడగలేదు. వదిన రెండో రోజు అడిగింది. "ఏమైనా గలాటనా?" "ఏమీ లేదొదినా, చూసిపోదామని వస్తిని." నాలుగు రోజులైనా ఆమె కదలకపోయేసరికి వదిన కూడా అడగడం మానేసింది. పగలంతా అందరూ రాగి చేలోకి పోయేవాళ్ళు. అక్కయమ్మ ఒక్కతే వసారాలో కూర్చునేది. శుక్రవారం వచ్చింది, పోయింది. మంగళవారం వచ్చింది. ఆ పొద్దు మారెమ్మ కూతురు ఎన్ని పౌన్లు తూగిందో ఆమెకు చెప్పేవాళ్ళు లేరు. ఇంటి నుంచి ఉత్తరం ముక్క రాలేదు. వాడు తేరుకున్నాడేమో! తేరుకోవాలని దేవుడికి మొక్కింది. తేరుకుంటే తాను నిజంగానే పాడుకన్నుదాన్నని తేలిపోతుందనీ తెలుసు. అయినా అదే మొక్కింది.

ఎనిమిదో రోజు మిట్టమధ్యాహ్నం స్టేషన్ దారిలో ఇద్దరు ఆడవాళ్ళు వస్తూ కనిపించారు. ముందున్న మనిషి నడక చూసి అక్కయమ్మ లేచి నిలబడింది. భాగీరథమ్మ! ఇరవై ఏళ్ళుగా పేట దాటని మనిషి. వెనకాల వెంకటలక్ష్మి.

భాగీరథమ్మ వసారా ముందు ఆగింది. చెమటతో ముఖం తడిసిపోయింది. రొమ్ముకు అదుముకున్న గుడ్డల మూటను చూపించింది.

"నువ్వు పోయి ఎనిమిది దినాలాయె. నీ కండ్లు లేకున్నా వాడు తగ్గుతానే ఉండాడు."

అక్కయమ్మ వసారా మెట్టు దిగింది.

"నేను పోయిన శుక్రవారమే జయమ్మ తావకు పోదామంటిని అక్కా" అంది వెంకటలక్ష్మి ఏడుస్తూ. "ఆ పొద్దు నువ్వు అడిగినప్పుడు నోరు తెరవలేకపోతిని. నిన్న నేనే అత్తతో గలాట చేస్తిని. అక్క తావకు పోకపోతే నా బిడ్డను ఎత్తుకోని నేనే ఎట్లన్నా పోతానంటిని."

"పట్టుకోమ్మా" అంది భాగీరథమ్మ, మూటను ముందుకు చాపి.

అక్కయమ్మ చేతులు చాపింది. వాడిని ఎత్తుకోవడం అదే మొదటిసారి. ఐదు నెలల బిడ్డ. చేతుల్లో గుడ్డ బరువే తప్ప బిడ్డ బరువు తెలియలేదు. వాడు కళ్ళు తెరిచి ఆమె ముఖం వైపు నిదానంగా చూశాడు. అక్కయమ్మ ఎన్ని పౌన్లో అంచనా వేయలేదు. వేయడానికి ధైర్యం చాలలేదు.

చేనినుంచి తిరిగొచ్చిన వదిన ఆవు పాలు పితికి తెచ్చింది. అక్కయమ్మ వాటిని కాచి, కొంచెమే నీళ్ళు కలిపి, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పోసింది. ఒక్కసారిగా పోయకూడదని సమాజంలో నేర్చుకుంది. వాడు మింగాడు. నోరు తెరిచాడు. మళ్ళీ మింగాడు. భాగీరథమ్మ దూరంగా స్తంభానికి ఆనుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది.

మర్నాడు శుక్రవారం. మొదటి రైలుకే ముగ్గురూ బయలుదేరి, ఇంటికి కూడా పోకుండా నేరుగా ఛత్రానికి వచ్చారు. జయమ్మ ఏమీ అడగకుండా వరస పక్కకు జరిపింది. తొమ్మిది పౌన్లకు కొంచెం తక్కువ. డాక్టరమ్మ బిడ్డ గుండె విని, పొట్ట నొక్కి చూసి, పాలు ఎలా కలుపుతున్నారో అడిగింది. వెంకటలక్ష్మి తల వంచుకుని చెప్పింది.

"జబ్బేమీ లేదు. బిడ్డకు కడుపు నిండలేదు, అంతే" అంది డాక్టరమ్మ. "ఇంకో వారం ఆలస్యమైతే కష్టమయ్యేది. గ్లాసు పాలకు పావు గ్లాసు నీళ్ళు చాలు. వారానికి రెండుసార్లు తీసుకురండి."

వెంకటలక్ష్మి పాలపొడి కోసం వరసలో నిలబడింది. బిడ్డను ఎత్తుకుని అక్కయమ్మ చూస్తే అత్త కనిపించలేదు. ఛత్రం వెనక మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"నేనే వాన్ని పస్తు పెడితిని" అంది తల ఎత్తకుండా. "నిన్ను బయట నిలబెట్టి, లోపల నేనే పస్తు పెడితిని."

ఆమెను ఓదార్చాలని అక్కయమ్మకు వెంటనే అనిపించలేదు. ఐదు నెలల మూసిన తలుపు గుర్తొచ్చింది. బిడ్డతో పక్క మెట్టు మీద కూర్చుంది.

భాగీరథమ్మే చెప్పింది. "నారాయణప్పకు ముందర నాకు ఇంకిద్దరు పుట్టినారు. మీకెవురికీ చెప్పలేదు. ఒకదానికి ఏడు నెలలు, ఒకడికి నాలుగు. ఇద్దరూ విరేచనాలై పోయినారు. చిక్కటి పాలు తాపి నువ్వే చంపుకుంటివని మా అత్త అనింది. బిడ్డలు పోయిన ముండ కన్ను అని, ఊర్లో ఎవురూ నన్ను బాలింత తావకు రానియ్యలేదు. మల్ల నారాయణప్ప పుట్టేదాకా అంతే. ఆనాటినుంచి చిక్కటి పాలు చూస్తే నాకు భయం. నీళ్ళు పోస్తానే ఉంటా."

అక్కయమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఆ వయసులో ఈమె కూడా ఏదో గడప బయట నిలబడిందన్నమాట. నిలబడి, అదే గడప బయట తనను నిలబెట్టింది. కోపం పోలేదు. దాని పక్కనే ఇంకొకటి వచ్చి కూర్చుంది.

"వాళ్ళ పేర్లేమి అత్తా?"

భాగీరథమ్మ ఉలిక్కిపడింది. "నలభై ఏండ్లాయె. ఎవురూ అడగలేదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అది ముద్దమ్మ. వాడు దొడ్డప్ప."

"ముద్దమ్మ, దొడ్డప్ప" అంది అక్కయమ్మ మెల్లగా.

తిరిగి చెప్పుకోవడానికి అక్కయమ్మకు ఒక్క పేరు కూడా లేదు. ఆ సంగతి భాగీరథమ్మకు కూడా అప్పుడే తట్టినట్టుంది. కోడలి ముఖం చూసి, ఆమె మోకాలి మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. అక్కయమ్మకు అప్పుడు ఏడుపొచ్చింది. పద్నాలుగేళ్ళలో ఆ ఇంటి మనిషి ముందు ఆమె ఏడవడం అదే మొదలు.

జగిలి మీద తల్లులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పాలపొడి డబ్బా పట్టుకుని వెంకటలక్ష్మి వచ్చి, బిడ్డ కోసం చేతులు చాపింది. భాగీరథమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి, చిన్నకోడలి చేతిని పక్కకు తోసింది.

"వానికి నిద్ర పట్టింది. కదిలించొద్దు. అక్కయే ఎత్తుకోనీ" అని, ఇంటి దారిలో ముందు నడిచింది.