రెండు డిస్కులు, ఎనిమిది స్క్రూలు

టేబుల్ మీద తువ్వాలు పరిచి ఉంది. తువ్వాలు మీద రెండు శవాలు.

శవాలంటే మనుషులవి కావు. రెండు హార్డ్ డిస్కులు. కానీ ఆ గదిలో ఉన్న నలుగురి మొహాలు చూస్తే ఆ తేడా ఎవరికీ పట్టినట్టు లేదు.

సమయం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు.

పై వాటాలో ఉండే ఆంటీ గబగబా మెట్లు దిగి వచ్చింది. పోలీసు శాఖలో ఇరవై ఆరేళ్లు, చివరికి సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టర్. రిటైరై నాలుగేళ్లయినా మెడలో తాడుకి భూతద్దం వేలాడుతూనే ఉంటుంది. అందుకే వీధి మొత్తానికీ ఆవిడ భూతద్దం ఆంటీ.

కుర్చీలో కూర్చున్న ఇంటి పెద్దావిడ పలక ఎత్తి చూపించింది.

'నా గొంతు చంపేశారు. ఎవరో తేల్చు.'

ఆ గొంతు ఆంటీకి తెలుసు. ఊరందరికీ తెలుసు. పెద్దావిడ రైల్వే స్టేషన్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు అనౌన్సర్. బండి రెండు గంటలు ఆలస్యమని చెప్పినా జనానికి కోపం వచ్చేది కాదు, అంత బాగా చెప్పేది.

రేపు ఉదయం ఏడింటికి ఆవిడకి ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. సాయంత్రం ఆరింటికల్లా ఆస్పత్రిలో చేరాలి. ఇక వాయిదా వేస్తే ప్రాణానికే ముప్పని డాక్టర్ కచ్చితంగా చెప్పాడు.

అందుకే పందొమ్మిది రోజులు మైకు ముందు కూర్చుని పదహారు వందల పన్నెండు వాక్యాలు రికార్డు చేసింది. వాటితో కంప్యూటర్‌కి నేర్పిస్తే, రేపటి నుంచి ఆవిడ టైప్ చేసిన మాటలు ఆవిడ గొంతుతోనే పలుకుతాయి. పందొమ్మిదో రోజుకి గొంతు పూర్తిగా పోయింది. ఇప్పుడు గుసగుస కూడా రావడం లేదు. మళ్లీ రికార్డు చేద్దామంటే గొంతేది?

వాక్యాలన్నీ ఒక డిస్కులో. పదిహేనో రోజు దాకా తీసిన కాపీ రెండో డిస్కులో. రెండూ ఇప్పుడు తువ్వాలు మీద.

పెద్దావిడ పలక తుడిచి మళ్లీ రాసింది. 'గొంతు దొరక్కపోతే నేను ఆపరేషన్‌కి వెళ్లను.'

"అమ్మా, అలా అనకే!" చిన్నకొడుకు ఏడుపు ఆపుకోలేకపోయాడు.

ఆంటీ కుర్చీ లాక్కుంది. "ఏడుపులు తర్వాత. డిస్కులు ఎప్పుడు పోయాయి?"

"మొదటిది పదకొండూ నలభై రెండుకి," అన్నాడు పెద్దకొడుకు. "రెండోది పన్నెండూ అయిదుకి."

"ఏ మెషీన్‌లో?"

"ఇంకేది? వీడి పచ్చ డబ్బాలో!"

అన్నదమ్ములిద్దరూ విడిభాగాలు కొని కంప్యూటర్లు సొంతంగా బిగించుకునే రకం. ఎదురెదురు టేబుళ్లు. పెద్దోడి ప్రాసెసర్ పసుపు పెట్టెలో వచ్చింది, చిన్నోడిది పచ్చ పెట్టెలో. ఏది నమ్మకమైనదనే గొడవ నాలుగేళ్లుగా ఆ ఇంట్లో రెండు పూటలా నడుస్తోంది. పెద్దోడు రిజిస్టర్ కూడా పెట్టాడు.

"చూడండి ఆంటీ. పందొమ్మిది నెలల్లో పసుపు నాలుగుసార్లు ఆగింది. పచ్చ ఏడుసార్లు!"

"అందులో మూడుసార్లు కరెంటు పోయింది! అదీ నా మీదే రాశాడు!"

"నా పసుపుదానికి ఆ మూడుసార్లూ యూపీఎస్ ఉంది."

"అదే మరి! అదేం పోలిక అన్నయ్యా?"

"నోర్మూసుకోండి ఇద్దరూ," అంది ఆంటీ. ఇద్దరూ నోరు మూసుకున్నారు. "డిస్కు చివరిసారి బతికి ఉన్నదెప్పుడు?"

"పదకొండూ ఇరవైకి. నా మెషీన్‌లో వాక్యాలన్నీ తెరిచి చూశాను," అన్నాడు పెద్దోడు. "గొంతు నేర్పించడం ఎవరి మెషీన్ తప్పుల్లేకుండా చేస్తుందో చూద్దామని పందెం. మొదటి వంతు వీడిదని డిస్కు వీడికిచ్చాను."

"బటన్ నొక్కగానే?"

"ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది," అన్నాడు చిన్నోడు. "డిస్కు తీసేస్తే మెషీన్ మామూలుగా నడుస్తోంది. అన్నయ్య నాకు చచ్చిన డిస్కు ఇచ్చాడు ఆంటీ!"

"నేనా? సొంత తల్లి గొంతుని?"

"మరి వదిన పొద్దున తడిబట్టతో టేబుళ్లు తుడిచింది."

పెద్దకోడలు భగ్గుమంది. ఆమె పళ్ల ల్యాబ్‌లో కట్టుడు పళ్లు చేస్తుంది. ఊరికే మాట పడే మనిషి కాదు.

"బాగుందయ్యా! మీ గదిలో నేను చేసే పనల్లా మీ చెత్త ఎత్తడం. మొన్న శనివారం నేల మీద స్క్రూలు గుచ్చుకుని కాలు కోసుకుంది. ఎనిమిదీ ఏరి గిన్నెలో పెట్టి ఇచ్చాను. థాంక్స్ అన్నారా ఒక్కరైనా?"

ఆంటీ చెయ్యి గాల్లో ఆగింది.

"ఎన్ని స్క్రూలమ్మా?"

"ఎనిమిది. లావుగా, అన్నీ ఒకే రకం."

ఆంటీ ఇంకేమీ అడగలేదు. భూతద్దం తీసుకుని డిస్కుల వెనకున్న పచ్చటి సర్క్యూట్ బోర్డుల మీద వంగింది. ఏడు నిమిషాలు. తర్వాత చిన్నోడి క్యాబినెట్ రెండో తలుపు తీయించింది. లోపల తీగలు ఎంత పొందిగ్గా ఉన్నాయంటే, దువ్వి జడ వేసినట్టున్నాయి. పద్నాలుగు చోట్ల కట్లు. పెద్దోడి క్యాబినెట్ చూసింది. పేగులు బయటపడ్డట్టు తీగలు వేలాడుతున్నాయి.

మూడూ పదికి అందరినీ కూర్చోబెట్టింది.

"కరెంటిచ్చే డబ్బా, అదే పవర్ సప్లై, దాన్ని క్యాబినెట్‌కి ఎన్ని స్క్రూలతో బిగిస్తారు?"

"నాలుగు," అన్నారు ఇద్దరూ.

"ఎనిమిది ఊడాయంటే రెండు సప్లైలు బయటికొచ్చాయి. శనివారం ఏం చేశారు?"

అన్నదమ్ములు మొహాలు చూసుకున్నారు.

"మార్చుకున్నాం," అన్నాడు పెద్దోడు. "పోలిక న్యాయంగా ఉండాలి కదా. బోర్డూ ప్రాసెసరూ తప్ప మిగతావన్నీ మార్చి చూద్దామని."

"నాకెందుకు చెప్పలేదు?"

"అది ప్రాసెసర్ కాదు కదా ఆంటీ. ఉత్త సప్లై."

ఆంటీ నుదురు కొట్టుకుంది. "మీ రెండు సప్లైల్లో బోర్డుకి వెళ్లే తీగలు పుట్టుకతో అతికి వచ్చినవి. డిస్కుకి వెళ్లే కేబుల్ మాత్రం ఊడదీసి పెట్టుకునేది. చిన్నబ్బాయ్, సప్లై మార్చావు. ఆ కేబుల్ మార్చావా?"

చిన్నోడు తన క్యాబినెట్ వెనక్కి చూశాడు.

"అది... వెనకాల కట్టి ఉంది. అంత చక్కగా కట్టింది విప్పడమెందుకని... పాతదే గుచ్చాను. ప్లగ్ సరిగ్గానే పట్టింది ఆంటీ!"

"పడుతుంది. ఆకారం ఒకటే. లోపల పిన్నుల వరస కంపెనీకో రకం." ఆంటీ టేబుల్ మీదున్న, వోల్టులు కొలిచే మల్టీమీటర్ ముల్లు కేబుల్ కొసకి ఆనించింది. "అయిదు వోల్టులు రావాల్సిన చోట ఎంతొస్తోందో నువ్వే చదువు."

"పన్నెండు."

"కానీ మూడు రోజులు మెషీన్ నడిచిందే!" అన్నాడు చిన్నోడు.

"నీ సిస్టమ్ బోర్డుకి గుచ్చిన చిన్న డ్రైవ్ మీద నడుస్తోంది. ఈ కేబుల్‌కి ఈ పొద్దున దాకా పనే పడలేదు. పని పడిన మొదటిసారే మీ అమ్మ డిస్కు తగిలించావు."

"చెప్పానా!" పెద్దోడు లేచాడు. "వీడి వల్లే..."

"కూర్చో. నీ కేబుళ్లు కట్టలేదు గనక అన్నీ పీకి మార్చావు. నీ బద్ధకం నిన్ను కాపాడింది, తెలివి కాదు. మొదటి డిస్కు పోయాక, ఉన్న ఒక్క కాపీ తెచ్చి అదే మెషీన్‌లో పెట్టమన్నదెవరు?"

పెద్దోడు కూలబడ్డాడు. "నేనే. పచ్చదాని తప్పని రుజువు చేద్దామని."

"నేనూ వద్దనలేదు," అన్నాడు చిన్నోడు. "తప్పు కాదని రుజువు చేద్దామని."

పెద్దావిడ కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోవడం లేదు. కొడుకులిద్దరికీ అటు చూసే ధైర్యం లేదు.

"ప్రాసెసర్లు రెండూ నిర్దోషులు," అంది ఆంటీ. "ఇక ఒకే ఒక్క ఆశ. ఇటు చూడండి. ఆవగింజంత డయోడ్, నల్లగా మాడింది. ఎక్కువ కరెంటొస్తే దెబ్బ తను తిని డిస్కుని కాచేది ఇదే. దీన్ని తెంపేస్తే డిస్కు లేవొచ్చు. లేవకపోవచ్చు. ఎవరు తెంపుతారు?"

అన్నదమ్ములిద్దరూ వెనక్కి జరిగారు. పెద్దకోడలు ముందుకొచ్చి, సంచిలోంచి తన ల్యాబ్ కట్టర్ తీసింది. రెండు డిస్కుల మీదా రెండు చిన్న టిక్కులు వినిపించాయి.

మూడూ యాభైకి మొదటి డిస్కు పెద్దోడి మెషీన్‌కి తగిలించారు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కారు. లేదు. అసలు డిస్కు నిజంగానే పోయింది.

మిగిలింది కాపీ.

"దీన్ని నాదాంట్లో పెట్టొద్దన్నయ్యా," చిన్నోడు చేతులు జోడించాడు. "నీ పసుపుదే నమ్మకమైంది. ఒప్పుకుంటున్నాను."

"వద్దురా, ఇప్పుడే నాదాంట్లో ఒకటి లేవలేదుగా. నాకు నాదాని మీద నమ్మకం లేదు. నీదాంట్లోనే పెట్టు."

"నావల్ల కాదు!"

నాలుగేళ్లలో మొదటిసారి ఎవడూ తన మెషీన్ గొప్పనడం లేదు. అయిదు నిమిషాలు గడిచాయి. ఆస్పత్రి కారు అయిదున్నరకి వస్తుంది.

పెద్దావిడ లేచింది. డిస్కు చేతిలోకి తీసుకుంది. నేరుగా నడిచి, తన గొంతుని రెండుసార్లు చంపిన పచ్చ మెషీన్ ముందు పెట్టింది. చిన్నోడి చెయ్యి పట్టుకుని దాని మీద ఆనించింది.

చిన్నోడు ఏడుస్తూనే పద్నాలుగు కట్లూ కోశాడు. సరైన కేబుల్ పెద్దోడు తెచ్చి గుచ్చాడు. ఆంటీ మీటర్ పెట్టింది. అయిదు. ఇంకోసారి పెట్టింది. అయిదు.

బటన్ నొక్కారు.

ఫ్యాను తిరిగింది. ఆగలేదు. కాసేపటికి డిస్కు లోపలి నుంచి సన్నటి ఈల లాంటి చప్పుడు మొదలైంది.

"లేచింది!" పెద్దకోడలు అరిచింది.

తెర మీద లెక్క కనిపించింది. పన్నెండు వందల డెబ్భై వాక్యాలు. మూడు వందల నలభై రెండు ఇక లేవు.

"వెయ్యి ఉంటే చాలన్నాడు ఆస్పత్రిలో స్పీచ్ థెరపిస్ట్," అన్నాడు పెద్దోడు. "చాలమ్మా. చాలు." అని తల్లి కాళ్ల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పెద్దావిడ మౌస్ తన చేతిలోకి తీసుకుంది. థెరపిస్ట్ చదవమని ఇచ్చిన లిస్టు దాటి, కిందకి వెళ్లి, తను సొంతంగా రికార్డు చేసుకున్న ఒక వాక్యం మీద నొక్కింది.

స్పీకర్లోంచి స్టేషన్ గొంతు వచ్చింది. తేటగా, తొందర లేకుండా.

"ఒరేయ్ పెద్దోడా, చిన్నోడా, పచ్చా పసుపూ ఇక చాలు. లేచి చేతులు కడుక్కోండి, అన్నం చల్లారిపోతోంది."

ఆంటీ భూతద్దం తుడుచుకునే నెపంతో కళ్లు తుడుచుకుంది.

పెద్దావిడ పలక మీద రాసి ఇద్దరి మధ్యా పెట్టింది. 'ఇది రోజూ పనికొస్తుందని తెలుసు. అందుకే పన్నెండో రోజే, గొంతు బాగున్నప్పుడే చెప్పి పెట్టుకున్నా.'

అయిదున్నరకి వీధిలో కారు హారన్ మోగింది. ఆవిడ తన సంచి తానే తీసుకుని, చెప్పులేసుకుంది.