పిడుగు ఎందుకు ఎదగలేదు?

పదకొండూ పదికి ఫోన్ మోగింది.

"తీసుకుంటున్నారు!" ఓనరమ్మ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "మన బేస్‌బాల్ గేమ్ కొంటామంటున్నారు! రేపు పొద్దున డెమో. ఒకటే షరతు. పది సీజన్లు నడిపి చూపించాలట. ఆటగాళ్ళ రేటింగ్‌లు వాటంతటవే పెరగాలి, వాటంతటవే తగ్గాలి. ఎవరో వేలు పెట్టి దిద్దినట్టు అనిపిస్తే సంతకం పెట్టరట."

ఓనరమ్మ కంపెనీలో నలుగురే. నలుగురూ ఒకే ఇంటివాళ్ళు. ఓనరమ్మ. ప్రోగ్రామ్ రాసే ఆమె భర్త. రేటింగ్‌లు తయారుచేసే ఆమె తమ్ముడు. ఆటగాళ్ళకి మార్కులేస్తాడు కాబట్టి ఇంట్లో అందరికీ అతను 'మాస్టారు'. రెండు నెలల కిందట మాస్టారిని పెళ్ళాడి, బొమ్మలు గీసే పనిలో చేరిన మరదలు.

పదకొండూ పదికి నలుగురూ చప్పట్లు కొట్టుకున్నారు. రెండింటికల్లా ఒకరి మొహం ఒకరు చూడటం మానేశారు.

మూడింటికి, ఓనరమ్మ పిలిపించిన డిటెక్టివ్ వచ్చింది. కంప్యూటర్ నేరాలు ఆమె ప్రత్యేకత. పొట్టి మనిషి. ఎడం చేతిలో పెన్ను.

"ఏం పోయింది?"

"పోలేదండీ, పాడైంది." ఓనరమ్మ స్క్రీన్ ఆమె వైపు తిప్పింది. "వీడు పిడుగు. మా గేమ్‌కి హీరో. పంతొమ్మిదేళ్ళకి లీగ్‌లోకి వస్తాడు. అప్పుడు రేటింగ్ యాభై ఎనిమిది. నాలుగైదు సీజన్లలో ఎనభై దాటాలి. నిన్నటిదాకా దాటాడు. ఇవాళ ఒంటిగంటకి మళ్ళీ నడిపాం. చూడండి."

58. 59. 57. 54. 51.

"మిగతావాళ్ళు?"

"లక్షణంగా ఉన్నారు. కుర్రాళ్ళు పెరుగుతున్నారు. వయసు మళ్ళినవాళ్ళు ముందు పరుగులో తగ్గుతున్నారు. వీడొక్కడే చతికిలపడ్డాడు."

"ఎవరిమీదైనా అనుమానమా?"

ఓనరమ్మ గొంతు తగ్గించింది. "లీగ్ ఫోల్డర్‌లో చివరి మార్పు పన్నెండూ ఇరవైకి జరిగింది. మా తమ్ముడి మెషిన్ నుంచి. పోయిన వారం వాడికి ఇంకో కంపెనీ ఆఫర్ ఇచ్చింది. నాకు మాటమాత్రం చెప్పలేదు. వాడే అని తేలితే తమ్ముడని చూడను. ఇవాళే పంపించేస్తాను."

డిటెక్టివ్ ఒక్కొక్కరినే మీటింగ్ రూమ్‌లోకి పిలిచింది.

ముందు ఓనరమ్మ భర్త.

"కోడ్ మార్చారా?"

"లేదండీ."

"మీ బావమరిదితో పేచీలున్నాయా?"

"ఉన్నాయి. నా కోడ్‌కి కూడా మార్కులేస్తాడు. పదికి నాలుగు."

"కోపం రాదా?"

"ఎందుకు రాదు? పైగా ఆ నాలుగూ న్యాయంగానే వేస్తాడు."

తర్వాత మాస్టారు. కూర్చోకముందే అనేశాడు. "నేనే చేశాను."

"ఏం చేశారు?"

"పిడుగు రేటింగ్ తగ్గించాను."

"ఎంత?"

"కొంచెం."

"ఏ సీజన్‌లో?"

"అన్నింట్లో."

డిటెక్టివ్ గాజు తలుపులోంచి హాల్లోకి చూసింది. బల్ల మీద ఐస్‌క్రీమ్ డబ్బా కరిగి నీరు కారుతోంది.

"అదెవరు తెచ్చారు?"

"నేనే. మంచి వార్త వచ్చింది కదా అని. తనకి స్ట్రాబెర్రీ ఇష్టం." అతని మొహం ఒక్క క్షణం వెలిగి ఆరింది. "ఎవరూ మూత కూడా తియ్యలేదు."

"మూతకి బిల్లు అతికించి ఉంది, వస్తూ చూశాను. వీధి చివరి షాపు. సరిగ్గా పన్నెండూ ఇరవై. అక్కడ ఐస్‌క్రీమ్ కొంటూ ఇక్కడ రేటింగ్‌లు ఎలా తగ్గించారు?"

మాస్టారు మెడ తుడుచుకున్నాడు. "తను కాదండీ."

"ఎవరు కాదు? నేనింకా ఎవరి ఊసూ ఎత్తలేదే!"

మాస్టారు లేచి తలుపు వైపు నడిచాడు.

చివరికి మరదలు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"పన్నెండూ ఇరవైకి ఆయన మెషిన్ ముందున్నది మీరేనా?"

"నేనే. పోస్టర్ పని. బొమ్మలు లీగ్ ఫోల్డర్‌లో ఉంటాయి, నాకింకా దానికి పర్మిషన్ ఇవ్వలేదు."

"రేటింగ్‌లు ముట్టుకున్నారా?"

"అవెక్కడుంటాయో కూడా తెలీదండీ." ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "ఆయన ఏం చేసినా, ఏదో కారణం ఉండే ఉంటుంది."

"అంటే ఆయనే చేశారనుకుంటున్నారు. ఆయనేమో మీరనుకుంటున్నారు. పెళ్ళయి రెండు నెలలేగా! చూడముచ్చటగా ఉన్నారు."

డిటెక్టివ్ హాల్లోకి వచ్చింది. గోడ ముందు ఆగింది. పిడుగు పాత బొమ్మ. పక్కనే ఇవాళ్టి పోస్టర్. రెంటినీ మార్చి మార్చి చూసింది.

అయిదింటికి అందరినీ పిలిచింది.

"పిడుగు మొత్తం ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు?"

నలుగురూ బిత్తరపోయారు. ఓనరమ్మ భర్త కీబోర్డ్ అందుకున్నాడు. ఒక్కసారిగా ముందుకి వంగాడు.

"మొదటి సీజన్లో మూడు. ఆ తర్వాత ఒక్కటీ లేదు!"

"పొద్దుట్నుంచీ మార్కులే చూశారు. హాజరు ఎవరూ చూడలేదు. మాస్టారూ, ఆడని కుర్రాడికి మీ గేమ్‌లో ఏమవుతుంది?"

"ఎదగడు. ఆడితేనే ఎదుగుతాడు. బెంచీ మీద కూర్చుంటే ఉన్నది కూడా పోతుంది."

"జట్టుని ఎంచేది?"

"కంప్యూటర్ మేనేజర్."

"పిడుగు ఆడే చోటు?"

"షార్ట్‌స్టాప్. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య. బంతి అందుకున్నవాడు అందుకున్నట్టే మొదటి బేస్‌కి విసరాలి."

"ఎడంచేత్తో విసిరేవాడైతే?"

"ఒళ్ళంతా తిప్పుకోవాలి. ఆలోపు అవతలివాడు బేస్ చేరిపోతాడు. అందుకే ఎడంచేతివాణ్ణి అక్కడ ఎవరూ..."

మాస్టారి చూపు గోడ మీదికి పోయింది.

"పాత బొమ్మలో గ్లౌజు ఎడం చేతికి ఉంది. కుడిచేత్తో విసురుతాడు. పోస్టర్‌లో గ్లౌజు కుడి చేతికి ఉంది." డిటెక్టివ్ తన పెన్ను ఎత్తి చూపింది. "నాది ఎడంచేతి వాటం. మనిషి కనిపిస్తే ముందు చేతులే చూస్తాను."

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "బొమ్మ గేమ్ పేరు వైపు కాకుండా బయటికి చూస్తోందని అద్దంలోలా తిప్పేశాను. పోస్టర్‌లో ఒకలా, ఆటలో ఒకలా ఉంటే బాగోదని ఆటలో బొమ్మ కూడా మార్చాను. అంతే వదినా, ఒట్టు!"

ఓనరమ్మ భర్త నెత్తి పట్టుకున్నాడు. "బొమ్మలో గ్లౌజు లేనిదే విసిరే చెయ్యి అని కోడ్ రాసింది నేనే. ప్రతివాడికీ విడిగా ఎవరు ఎంటర్ చేస్తారని బద్ధకించాను."

"మూడు, బావా," అన్నాడు మాస్టారు. "పదికి మూడు."

ఓనరమ్మ నవ్వలేదు. తమ్ముడి ముందుకొచ్చి నిలబడింది. "ఆ ఆఫర్ సంగతేంట్రా?"

"వచ్చిన రోజే వద్దన్నానక్కా. వద్దన్నదానికి చెప్పేదేముంది?"

"నేను అడగాల్సింది. మెయిల్ చూసి ఊరుకున్నాను. తప్పు నాదే." అతని భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత స్క్రీన్ వైపు తిరిగింది. 58. 59. 57. 54. 51.

"ఎవరూ వేలు పెట్టలేదు," అంది మెల్లగా. "బొమ్మలో చెయ్యి మారింది. వాడి బతుకే మారిపోయింది. వాళ్ళడిగింది ఇదే కదూ?"

"అచ్చంగా ఇదే," అన్నాడు మాస్టారు.

"అయితే రేపు పదింటికి ఇద్దరు పిడుగుల్ని చూపిద్దాం. కుడిచేతివాడు ఈ స్క్రీన్‌లో, ఎడంచేతివాడు ఆ స్క్రీన్‌లో. పక్కపక్కనే పది సీజన్లూ నడుస్తాయి. బొమ్మ తిప్పే మీట నువ్వే నొక్కాలి మరదలా, వాళ్ళ కళ్ళముందే. ఎందుకిలా అయిందో మా తమ్ముడు చెప్తాడు. ఇద్దరూ తొమ్మిదికల్లా వచ్చెయ్యండి."