ఏడు మెట్ల కొండ, పది పాళ్ల దెబ్బ

మణిగిరి రాజ్యంలో మూడేళ్లుగా నీళ్లు లేవు. కొండ కింద ఉన్న ఒక్క ఊటనూ కరాళుడనే రాక్షసుడు రాగిమూతతో బిగించాడు. కొండ మీది నుంచి పది పాళ్ల దెబ్బ పడితే తప్ప మూత పగలదని, పగిలిన నాడే తాను బూడిదవుతానని చెప్పి నవ్వాడు. ఆ కొండకు ఉన్నవి ఏడే మెట్లు. ఒక్కో మెట్టూ తాటిచెట్టంత ఎత్తు. వాటి మీద ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు చెక్కి ఉన్నాయి.

ఆ కొండ మీంచి మణుగు బరువున్న బంగారు గదనే విడవాలన్నది రాజవంశపు ఆచారం. మూత పగలగొట్టినవారికే రాజ్యమని రాజు చాటితే, పదకొండు మంది వీరులు ఏడో మెట్టెక్కి గద విడిచారు. మూత మీద గీత కూడా పడలేదు. పదికి ఏడు చాలలేదనుకుని రాజు పైన ఇంకో మూడు మెట్లు కట్టించబోయాడు. ఆ పనిలో రాళ్లు కొట్టే తిప్పన కొండ మీంచి పడి చనిపోయాడు.

తిప్పన పెద్దకూతురు నాంచారి. చిన్నది చిట్టెమ్మకు నాలుక పిడచకట్టి రెండు రోజులైంది. రేపటి పొద్దు చూడదని వైద్యుడు చెప్పేశాడు.

నాంచారి తండ్రి గునపం అందుకుంది. ఆచారాన్ని పక్కన పెట్టి, నాలుగు మణుగుల నల్లరాయిని గునపంతో లేపి, కింద రాతిచిప్ప తోసి, మళ్లీ లేపి, జానెడు జానెడుగా ఎక్కించసాగింది. మొదటి మెట్టు దగ్గర నాగులు చుట్టుముడితే రాతిదుమ్ము చల్లి తరిమింది. రెండో మెట్టు దగ్గర నిప్పుగాలి వీస్తే రాయి చాటున బోర్లా పడుకుంది. మూడో మెట్టు మీద గునపం విరిగింది.

కరాళుడు గాలిలోంచి దిగాడు. "మూడుకే చతికిలబడ్డావేమే? ఏడెక్కిన మొనగాళ్ల వల్లే కాలేదు."

నాంచారి కూలబడింది. ఆ మెట్టు మీద ఒక ముని కూర్చుని ఉన్నాడు. అడిగితేనే పలకాలని ఆయనకు శాపం. వీరులెవరూ అక్కడ ఆగలేదు.

"ఈ అంకె దేనిది సామీ?" అంది నాంచారి నీరసంగా.

"మెట్టుది తల్లీ. దూది పెట్టినా, బండ పెట్టినా ఆ అంకె మారదు. ఇక్కణ్ణుంచి పడే ప్రతి మణుగుకూ ఈ మెట్టు మూడు పాళ్ల దెబ్బ ఇస్తుంది. ఏమీ పడకపోతే ఏమీ ఇవ్వదు."

అంటే ఏడో మెట్టు మీంచైనా ఒక్క మణుగు గదది ఏడు పాళ్లే, అనుకుంది నాంచారి. రాజు మెట్టు అంకెనే దెబ్బ అనుకున్నాడు. తన రాయికి నాలుగు మూళ్లు పన్నెండు.

కరాళుడి నవ్వు ఆగిపోయింది. వాడు ఆమె జడ పట్టి లాగాడు. నాంచారి కొండకు వీపు ఆనించి, రెండు కాళ్లతో రాయిని తన్నింది.

మూత రెండుగా చీలింది. ఊట తాటిచెట్టంత ఎత్తు లేచింది. కరాళుడు బూడిదై ఆ నీటిలోనే కొట్టుకుపోయాడు.

రాజు కిరీటంతో ఎదురొచ్చాడు. నాంచారి ఆగలేదు. దోసిట నీళ్లు పట్టుకుని ఇంటికి పరుగెత్తింది. మూడో గుక్కకు చిట్టెమ్మ కళ్లు తెరిచి, ఇంకా కావాలంది.

పట్టాభిషేకం మర్నాడు జరిగింది. నాంచారి ఏలినన్నాళ్లూ మణిగిరిలో ఎవరి కుండా ఎండలేదు.